రేడియో అన్నయ్య – శ్రోతల స్మృతి
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము గ్రంథము కాదు, ఒక గొంతు. అచ్చుపుస్తకము బీరువాలో నిలిచియుండును. దుమ్ము పట్టినచో తుడిచి చదువుకొనవచ్చును. చెదలు తినివేసినచో మరియొక ప్రతి తెప్పించుకొనవచ్చును. గొంతునకు అట్టి సదుపాయము లేదు. పలికిన క్షణముననే అది గాలిలో కలిసిపోవును. అయినను కొన్ని గొంతులు విన్నవారి చెవులలో ఏబది, అరువది సంవత్సరములు నిలిచియుండును. తెలుగు బాలలకు అట్లు నిలిచిన గొంతులలో మిక్కిలి ప్రియమైనది రేడియో అన్నయ్యగారిది.

రేడియో అన్నయ్య అసలు పేరు న్యాయపతి రాఘవరావుగారు. ఆయన 1905 ఏప్రిల్ 13న జన్మించి, 1984 ఫిబ్రవరి 24న కీర్తిశేషులైరి. ఆయన సహధర్మచారిణి న్యాయపతి కామేశ్వరిగారు 1980లో పరమపదించిరి. ఆయనను అన్నయ్య యనియు, ఆమెను అక్కయ్య యనియు తెలుగు పిల్లలు పిలిచిరి. వరుసలు కలుపుటలో పల్లెవాసులకు మించినవారు లేరు గదా! అన్నయ్య భార్య వదినె కావలెను; అక్కయ్య భర్త బావ కావలెను. ఈ దంపతుల విషయమున ఆ లెక్క కుదురదు. అయినను పిల్లలెవ్వరును ఆ చిక్కు విప్పబూనలేదు. రేడియో పెట్టెలోనుండి పలుకరించునాయన అన్నయ్య, ముద్దుగా మందలించునామె అక్కయ్య, అంతటితో సరి.

ఈ వరుసలోనే ఒక విశేషమున్నది. ఆయన పిల్లలకు పంతులుగారు కాలేదు, తాతగారును కాలేదు. పంతులుగారి యెదుట పిల్లవాడు చేతులు కట్టుకొని నిలుచును. తాతగారి యెదుట కథ వినుచు నిద్రపోవును. అన్నయ్య యెదుట మాత్రము తానును నోరు విప్పి మాటాడును, ఎదురు ప్రశ్న వేయును, నవ్వును, నవ్వించును. రాఘవరావుగారు కోరినది అదియే.

ఆ కాలపు రేడియో సంగతి నేటి బాలురకు కొంత చెప్పవలెను. మద్రాసులో ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. తెలుగు ప్రసారములు నాడు ముఖ్యముగా అచ్చటినుండియే వినవలసియుండెడిది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. ఇటు నిజాం రాజ్యమున దక్కను రేడియో యుండెడిది. అది 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరి హైదరాబాదు కేంద్రమైనది. రేడియో పెట్టె నాడు కలవారి యింటి వస్తువు. దానికి లైసెన్సు కావలెను, తపాలా కార్యాలయమున ఏటేట రుసుము చెల్లించవలెను. విద్యుత్తు లేని పల్లెలో పెద్ద బ్యాటరీ కావలెను. కావున ఊరికి ఒకటి రెండు పెట్టెలుండినచో గొప్ప. ఒక పెట్టె చుట్టు ముప్పది మంది చేరి వినెడివారు. అరుగుమీద చోటు చాలనివారు వీధిలో నిలిచి వినెడివారు. ట్రాన్సిస్టరులు వ్యాపించిన తరువాత గాని ఒక్కొక్కడు ఒంటరిగా వినుట అలవాటు కాలేదు.

అట్టి దినములలో రాఘవరావు దంపతులు మద్రాసు రేడియోలో బాలల కార్యక్రమమును చేపట్టిరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. రేడియోలో పిల్లల కార్యక్రమమనగా పెద్దలు మైకు ముందు కూర్చుండి పిల్లలకు బుద్ధులు చెప్పుట యను అభిప్రాయమును తలక్రిందులు చేసిరి. బాలానందమున పాడినవారు పిల్లలు. నాటికలలో వేషధారులు పిల్లలు. కథ చెప్పినవారు, పొడుపుకథ వేసినవారు, దానికి తప్పు సమాధానము చెప్పి నవ్వు పుట్టించినవారును పిల్లలే. పెద్దవారైన అన్నయ్య అక్కయ్యలు వారి నడుమ దారము వలె నుండిరి. పూలదండలో దారము కనిపింపదు. అది తెగిననాడు మాత్రము దాని విలువ తెలియును.

రేడియోలో నవ్వించుట సులభమని కొందరు తలంతురు. అది పొరబాటు. నాటకరంగమున హాస్యగాడు నడకతో నవ్వించును, తలపాగాతో నవ్వించును, మూతి విరుపుతో నవ్వించును. రేడియోలో ఇవి యేవియు పనికిరావు. అక్కడ నున్నవి రెండే: గొంతు, నిశ్శబ్దము. మాట యెప్పుడు వేయవలెనో, ఎప్పుడు ఆపవలెనో తెలియవలెను. ఆపుట ఒక లిప్తపాటు తక్కువైనచో నవ్వు పుట్టదు. ఎక్కువైనచో పెట్టె చెడిపోయెనని శ్రోత చెవి మెలిపెట్టును. పిల్లలతో చేయు కార్యక్రమమున ఈ కష్టము రెట్టింపు. పిల్లవాడు మాట మరచిపోవచ్చును, తుమ్మవచ్చును, తన వంతు రాకముందే పలుకవచ్చును. నాటి ప్రసారములలో ఎక్కువ భాగము అప్పటికప్పుడు గాలిలోనికి పోవునవే. తప్పు దిద్దుకొనుటకు తావు లేదు. పిల్లవాని తడబాటును వానికి చిన్నతనము కాకుండ, శ్రోతకు వినోదమగునట్లు చేయగలిగిన వాడే అన్నయ్య కాగలడు. ఇది సంగీతజ్ఞుని తాళజ్ఞానము వంటిది.

ఈ పోలిక ఊరక చేసినది కాదు. సంగీతమును, రేడియో హాస్యమును ఒక్క మనుష్యునియందే కూడియుండుట ఇంగ్లండు దేశమున కన్నులార చూచినారు. అతని పేరు హంఫ్రీ లిటిల్టన్. అతడు 1921లో జన్మించెను. ట్రంపెట్ అను ఇత్తడి బాకాను వాయించుటలో దిట్ట. అతడు వాయించినది జాజ్ సంగీతము. అమెరికాలోని నల్లజాతివారి పాటలనుండి, తాళములనుండి పుట్టిన ఆ సంగీతమునకు అక్కడికక్కడ కల్పన చేయుట ప్రాణము. మన గాయకుల మనోధర్మము వంటిదని తలచుకొనవచ్చును. 1945 మే 8న ఐరోపాలో యుద్ధము ముగిసిననాడు లండనులో రాజప్రాసాదము ముంగిట జనసముద్రము నడుమ ఒక తోపుడుబండిపై నెక్కి అతడు బాకా నూదెను. 1956లో అతని వాద్యగోష్ఠి ఇచ్చిన ఒక రికార్డు ఆ దేశమున విశేషముగా అమ్ముడుపోయెను.

అదే మనుష్యుడు 1972 మొదలు 2008 వరకు, ముప్పదియారేండ్లు, బీబీసీ రేడియోలో ఒక హాస్య కార్యక్రమమునకు అధ్యక్షత వహించెను. "క్షమింపుడు, నాకేమియు తెలియదు" అనునది ఆ కార్యక్రమపు పేరునకు అర్థము. అందు ఒక ఆట యున్నది: ఒక పాట మాటలను వేరొక పాట వరుసలో పాడవలెను. జోలపాట మాటలను కోలాటపు వరుసలో పాడినచో ఎట్లుండునో ఊహించుకొనుడు. మరియొక ఆటలో ఆటగాండ్రు వంతులవారీగా లండను నగర స్థలముల పేర్లు చెప్పుదురు; మార్నింగ్టన్ క్రెసెంట్ అను భూగర్భ రైలు స్టేషను పేరు ముందుగా చెప్పినవాడు గెలిచినట్లు. ఈ యాటకు నియమములు గలవని అందరును గంభీరముగా నటింతురు. నిజమునకు ఒక్క నియమమును లేదు! పటము గీయక, రాళ్లు పెట్టక, పులిజూదము ఆడి "నీ మేక చచ్చినది" అని వాదులాడుట వంటిది. శ్రోతలకు ఆ యాట యెంత ప్రియమైనదనగా, చాలకాలము మూతపడియున్న ఆ స్టేషనును 1998లో తిరిగి తెరచినప్పుడు ఆ హాస్యబృందమునే పిలిపించిరి.

లిటిల్టన్ తాను నవ్వెడివాడు కాడు. విసుగుపుట్టినవాని వలె, బలవంతముగా అక్కడ కూర్చుండబెట్టబడినవాని వలె మాటాడెడివాడు. మాటకు మాటకు నడుమ అతడు విడిచిన జాగా వాద్యగానియొక్క జాగా. నవ్వు సరిగా అచ్చటనే పుట్టెడిది. 2008 ఏప్రిల్ నెలలో ఒక ఊరి ప్రదర్శనకు ముందు అతడు ఆసుపత్రి పాలయ్యెను. తాను రాలేకపోవుచున్నందుకు చింతించుచు, ఈ తప్పించుకొను ఉపాయము తనకు ముందే తోచకపోయెనే యని సభకు హాస్యముగా కబురు వినిపించెను. ఆ నెల 25న మరణించెను. వయస్సు ఎనుబదియారు. ఎన్నడును అతని ముఖము చూడనివారు సైతము తమ యింటి పెద్దను కోల్పోయినట్లు దుఃఖించిరి. బాకా విన్నవారు బాకాను, నవ్వినవారు నవ్వును తలచుకొనిరి. కార్యక్రమము మరుసటి యేట వేరొకరి అధ్యక్షతన తిరిగి మొదలైనది. నడిపించువాడు పోయినను ఆట నిలుచుటయే ఆ నడిపించినవాని గొప్పతనము.

తెలుగుదేశమున ఈ రెండు విద్యలును ఇరువురి చేతులలో వెలిగినవి. రేడియో సంగీతమునకు బాలాంత్రపు రజనీకాంతరావుగారు దిక్కైరి. 1920లో జన్మించి 2018లో గతించిన ఆయన, 1941లో మద్రాసు ఆకాశవాణిలో ప్రవేశించిరి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చిన అర్ధరాత్రి మద్రాసు కేంద్రము తెలుగువారికి వినిపించిన పాట ఆయనదే. విజయవాడ కేంద్రమున భక్తిరంజనికి రూపుదిద్దినవారును ఆయనయే. రచించిన గ్రంథమునకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. ఆ గ్రంథము ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము. రజనిగారు రేడియోకు పాట నేర్పిరి. రాఘవరావుగారు రేడియోకు ఆట నేర్పిరి. ఒకరిది శ్రుతి, మరియొకరిది నవ్వు. మద్రాసు రేడియో వలన తెలుగువారికి ఈ రెండును దక్కినవి.

ఇక లిటిల్టన్‌కును మన అన్నయ్యకును గల సామ్యమేమి? ఒకడు పెద్దల నడుమ, మరియొకరు పిల్లల నడుమ మైకు ముందు కూర్చుండిరి. దేశము వేరు, భాష వేరు, హాస్యము వేరు. అయినను ఇద్దరును ఒక్క ధర్మమునే పాటించిరి: తన గొంతు కంటె ఎదుటివాని గొంతునకు ఎక్కువ చోటిచ్చుట. సభలో మైకు చేతికి వచ్చిన తరువాత దానిని వదలిపెట్టుట ఎంత కష్టమో ప్రతి గ్రామస్థునకు తెలిసినదే! మైకును పిల్లవాని నోటి యొద్దకు దించి, తాను ప్రక్కకు తొలగినవానిని పిల్లలు మరచిపోరు. శ్రోతల ప్రేమకు మూలము ఇదియే. తమను నవ్వించినవానిని జనులు మెచ్చుకొందురు. తమకు నోరిచ్చినవానిని తమవానినిగా చేసికొందురు.

అన్నయ్యగారు గొంతుతోనే తృప్తిపడలేదు. గొంతు నిలువదని ఆయనకు తెలియును. 1945లో "బాల" యను పత్రికను స్థాపించిరి. అది 1959 వరకు నడచినది. రేడియోలో పిల్లలకు నోరిచ్చినట్లే పత్రికలో పిల్లలకు కలమిచ్చిరి. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ 1945లో అచ్చైనది ఆ పత్రికలోనే. బాపుగారి తొలి బొమ్మ వెలువడినదియు ఆ పత్రికలోనే. అప్పటికి వారిరువురును బాలురు. తరువాత తెలుగువారిని తరతరములు నవ్వించిన ఆ జంట, కలము, కుంచె పట్టిన మొదటి గడప అన్నయ్య యింటి గడప యన్నమాట. బుడుగు వంటి అల్లరి పిల్లవానిని చదివి నవ్వుకొనువారు, పిల్లవాని మాటను పెద్దలు చెవియొగ్గి వినవలెనను మర్యాదను ఈ దేశమున ముందుగా నేర్పినవారిలో అన్నయ్యయు ఒకరని గుర్తుంచుకొనవలెను.

1956లో ఆ దంపతులు హైదరాబాదు చేరిరి. ఆంధ్ర బాలానంద సంఘము నారాయణగూడలో నెలకొన్నది. బాలాపూరు వారికి నారాయణగూడ దూరదేశము కాదు. ఉదయము బయలుదేరి పని చూచుకొని దీపాలవేళకు ఇల్లు చేరవచ్చును. మద్రాసునుండి గాలిలో తేలి వచ్చిన గొంతు ఆ విధముగా పొరుగునకు వచ్చినది. దంపతులు గతించిన తరువాతను సంఘము కొనసాగినది. అక్కడ పాడిన పిల్లలు పెద్దవారై, తమ పిల్లలను పంపిరి; ఆ పిల్లలును పెద్దవారైరి.

ఇట రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: నవ్వులాటలను, పిల్లల పాటలను గ్రంథాలయము తలకెత్తుకొనవలెనా? భారత భాగవతములుండగా ఇవి యేల? దీనికి సమాధానము గ్రంథాలయపు బీరువాలోనే యున్నది. చిలకమర్తి వారి గణపతిని, మొక్కపాటి వారి బారిస్టరు పార్వతీశమును ఎవరును బీరువానుండి తొలగింపలేదు. పాఠకులు చదివి చదివి అట్టలూడదీయు పుస్తకములు అవియే. పుస్తకమునందలి నవ్వునకు బీరువాలో స్థానమున్నప్పుడు, రేడియోయందలి నవ్వునకు లేకపోవుట న్యాయము కాదు. ఒకటి అచ్చైనది, మరియొకటి కాలేదు, భేదము అంతే.

రెండవ ఆక్షేపణ బరువైనది. గొంతు పోయినది, ప్రసారము గాలిలో కలిసినది; ఇక దాచవలసినదేమి? నిజమే. తొలినాటి ప్రసారములలో చాల భాగము రికార్డు కాలేదు. కాని ప్రసారమునకు రెండు కొసలున్నవి. ఒక కొసను పలికినవాడుండును, రెండవ కొసను విన్నవాడుండును. పలికిన కొస తెగిపోయినను విన్న కొస ఇంకను చేతికందుచున్నది. అది శ్రోతల జ్ఞాపకము. అన్నయ్యను విన్నవారికి ఏ పాట గుర్తున్నది? ఏ పొడుపుకథకు ఇల్లంతయు నవ్వెను? ఎవరి యింటి రేడియో యొద్ద కూర్చుండి వినిరి? విననీయక పొలమునకు పంపినవారెవరు? ఇవి యొక గ్రామపు చరిత్రలో భాగములు. ఇవి యే ప్రభుత్వ కార్యాలయమునందును దొరకవు.

అయితే ఈ కొస కూడ సన్నగిల్లుచున్నది. లెక్క చూడుడు. 1945లో "బాల" మొదటి సంచికను చదివిన ఎనిమిదేండ్ల బాలుడు 1937లో పుట్టినవాడు. ఎనుబదియేండ్లు యేనాడో దాటినవాడు. అన్నయ్య హైదరాబాదు వచ్చిన 1956లో ఎనిమిదేండ్ల బాలిక 1948లో పుట్టినది. ఆమెయు నేడు ముదుసలియే. వీరు మనుమలకు కథ చెప్పగల దినములు లెక్కకు వచ్చునవే. రేపు చూతమనుకొన్న పని రేపటికి మిగులకపోవచ్చును.

కావున ఈ గ్రంథాలయము రజతోత్సవ సందర్భమున చేపట్టదగిన పని యొకటి కలదు. దానికి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక కలము, ఓపిక గల ఇరువురు విద్యార్థులు చాలును. ఊరిలో రేడియో విన్న పెద్దలను ఒక్కొక్కరిని కలిసికొని, ఏ కేంద్రము, ఏ కార్యక్రమము, ఇంచుమించు ఏ సంవత్సరము, ఏ పాట, ఏ మాట, ఎవరి యిల్లు అని అడిగి వ్రాసికొనవలెను. ఇద్దరు పెద్దలు సంవత్సరమును గూర్చి తగవులాడినచో ఇద్దరి మాటయు వ్రాయవలెను; తీర్పు చెప్పవలసిన పని లేదు. పాట గుర్తున్నవారిచేత పాడించి, నేడు ప్రతి జేబులోను నున్న ఫోనుతో పట్టుకొనవలెను. నాడు మద్రాసు కేంద్రమునకు లేని సౌకర్యము నేడు పశువుల కాపరి చేతిలో నున్నది. ఎవరి అటకమీదనైన "బాల" పాత సంచిక యున్నచో గ్రంథాలయమునకు ఇప్పించవలెను. ఇవ్వ మనసొప్పనిచో చూపించి తీసికొనిపోవచ్చును.

దీనితోపాటు ఆదివారమున ఒక గంట పిల్లలకు విడువవలెను. పెద్దలు ప్రసంగింపరాదు. పిల్లలు పాడవలెను, చదువవలెను, తప్పులు చేయవలెను. పెద్దలొకరు ప్రక్కన దారము వలె నుండవలెను. అన్నయ్యకు శిలావిగ్రహము కంటె ఈ గంట మేలైన స్మారకము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు తెలుగు మాటకు నిలువ నీడ కల్పించిరి. ఆ మాటలో పిల్లల మాటయు చేరియున్నది.

బాలాపూరు పేరు 1994 మొదలు గణపతి లడ్డు వేలముపాటతో నలుదెసల మారుమ్రోగినది. ఏటేట పాట పెరుగును. చివరకు లడ్డు ఒకరికే దక్కును. ఆ యొక్కరు దానిని పదుగురికి పంచినప్పుడే దాని పుణ్యము ఊరికి అందును. అన్నయ్య పంచిన నవ్వును అట్టి ప్రసాదమే. దానికి వేలము లేదు, పై పాట లేదు. విన్న ప్రతివానికి పూర్తి వాటా దక్కినది. వాటా పొందినవారు దానిని దాచుకొని వెడలిపోక, తరువాతివారికి అందించుటయే తీర్పవలసిన ఋణము. ఆ ఋణము తీర్చుటకు తగిన చోటు గ్రంథాలయము. తగిన కాలము, ఆ పెద్దలు ఇంకను అరుగులమీద కూర్చుండియున్న ఈ కాలమే.

స్వస్తి.